తూటాల కరువు - సీసపు కొలిమి

సీసమనగానే తెలుగు పంతులుకు పద్యం గుర్తుకు రావడం సహజం. తరగతిలో నాకు నిత్యమూ పనిపడే సీసం శ్రీనాథుడిది. ఈ వ్యాసంలోని సీసం మాత్రం లోహం. అది మెత్తనిది, బరువైనది, కొద్దిపాటి వేడికే కరిగేది. అందుకే తుపాకి పుట్టిన నాటినుంచీ దానికి ఆహారమైంది. ఆ లోహమే పసిపిల్లల నెత్తురులో చేరితే వారి బుద్ధి వికాసాన్ని మొగ్గలోనే తుంచివేస్తుంది. ఒకే లోహానికి వున్న ఈ రెండు గుణాల మధ్య అమెరికాలో చాలాకాలంగా సాగుతూ వచ్చిన పెనుగులాటలో ఒక ఘట్టాన్ని ఇక్కడ పరిశీలిస్తాను. సాహిత్యం చెప్పుకునేవాడికి ఇందులో పనేమిటని అడగవచ్చు. ఒక కథ ఎట్లా పుట్టింది, ఎవరు చెప్పారు, ఎవరి మేలుకు చెప్పారు అని విచారించడమే విమర్శకుడి పని. ఇదీ ఒక కథే. దీనిలో దేశభక్తి వుంది, కుట్ర వుంది, కరువు వుంది. లేనిది నిజం ఒక్కటే.

2013 చివరి నెలల్లో అమెరికాలో ఒక మాట దావానలంలా వ్యాపించింది. మిస్సోరీ రాష్ట్రంలోని హెర్క్యులేనియం అనే వూళ్ళో డో రన్ కంపెనీ నడుపుతున్న సీసపు కర్మాగారం డిసెంబరుతో మూతబడుతున్నదట. ఖనిజాన్ని కరిగించి సీసం తీసే కర్మాగారాల్లో దేశం మొత్తానికి మిగిలింది అదొక్కటేనట. అది పోతే తూటాలకు సీసం దొరకదట. తుపాకులను చట్టంతో పట్టుకోలేకపోయిన ఒబామా ప్రభుత్వం గాలి శుభ్రత పేరు చెప్పి దొడ్డిదారిన పట్టుకుంటున్నదట. ఈ నాలుగు మాటల్లో మొదటి రెండూ నిజం, తక్కిన రెండూ అబద్ధం. నిజాన్ని ముందు నడిపించి అబద్ధాన్ని దాని చేయి పట్టించి పంపడం ప్రచారకళలో పాత ఎత్తుగడే.

హెర్క్యులేనియానికీ తుపాకిగుండుకూ గల సంబంధం ఇవాళ్టిది కాదు. ఆగ్నేయ మిస్సోరీ నేలలో సీసం వున్నదని ఫ్రెంచివారు పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే కనుగొని గనులు తవ్వించారు. తవ్వినవారిలో ఆఫ్రికా సంతతి బానిసలు వున్నారు. 1798లో మోజెస్ ఆస్టిన్ అనే వ్యాపారి అక్కడికి చేరి, మెరుగైన కొలుములు పెట్టి, అతనూ బానిసల చాకిరి వాడుకుని సీసం తీయించాడు. ఆ సీసాన్ని మిసిసిపీ నదిలో పడవలకెక్కించేందుకు 1808లో ఏర్పడిన రేవే హెర్క్యులేనియం. వెసూవియస్ అగ్నిపర్వతం కప్పివేసిన ప్రాచీన రోమను పట్టణం పేరే దీనికి పెట్టారు. మరుసటి సంవత్సరం, 1809లో, జాన్ మాక్లో అనే అతను నది వొడ్డున నిటారుగా నిలిచిన కొండకొమ్మును ఆసరా చేసుకొని గుండ్లు పోసే పని ప్రారంభించాడు. కరిగిన సీసాన్ని జల్లెడగుండా ఎత్తునుంచి జారవిడిస్తే బొట్లు బొట్లుగా విడిపోయి, కిందికి పడేలోగా గుండ్రబడి, అడుగున నీళ్ళతొట్టిలో గట్టిపడతాయి. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరవాసి విలియం వాట్స్ 1782లో హక్కు పొందిన పద్ధతి ఇది. అక్కడ దానికి పనిగట్టుకుని బురుజు కట్టవలసివచ్చింది. హెర్క్యులేనియంలో కొండే బురుజు అయింది. 1812 యుద్ధంలో అమెరికా సేనలు ఇక్కడి గుండ్లు వాడాయి.

1892లో సెయింట్ జోసెఫ్ సీసం కంపెనీ ఆ వూళ్ళో పెద్ద కర్మాగారం నిలబెట్టింది. తరువాత అదే డో రన్ కంపెనీ చేతికి వచ్చింది. నూరేళ్ళకు పైగా అక్కడి జనం ఆ కొలిమి కూలి తిన్నారు, ఆ కొలిమి పొగా తిన్నారు. 2001లో అధికారులు పరీక్షలు జరిపినప్పుడు, ఖనిజపు లారీలు తిరిగే వీధుల దుమ్ములో కొన్నిచోట్ల నూటికి 30 పాళ్ళు సీసమే వున్నట్లు తేలింది. నెత్తురు పరీక్ష చేయించుకున్న ఆరేళ్ళలోపు పిల్లల్లో నూటికి 28 మందికి, ఆనాడు ప్రమాదమని గీసిన హద్దు దాటి సీసం వుంది. కొలిమికి దగ్గరవుతున్నకొద్దీ ఈ పాలు పెరిగింది. 2002లో కంపెనీ చుట్టుపక్కల సుమారు 160 ఇళ్ళను కొనివేసేందుకు ఒప్పుకున్నది. పొగను కట్టలేని కంపెనీ పొగకు అడ్డం వచ్చిన ఇళ్ళను కొన్నదన్నమాట.

ఇప్పుడు కుట్ర సంగతి చూద్దాం. గాలిలో సీసం ఎంతవరకు వుండవచ్చునో అమెరికా ప్రభుత్వం 1978లో నిర్ణయించింది. ఆ హద్దు ఘనపు మీటరు గాలికి 1.5 మైక్రోగ్రాములు. ఇటువంటి హద్దులను అయిదేళ్ళకొకసారి పునఃపరిశీలించాలని చట్టంలోనే వుంది. అయినా అది ముప్పై ఏళ్ళు మారలేదు. ఈలోగా అంతకంటే చాలా తక్కువ సీసమే పిల్లలకు హాని చేస్తుందని వైద్యశాస్త్రం నిరూపించింది. 2004లో మిస్సోరీ రాష్ట్రపు పర్యావరణ సంఘమొకటి కోర్టుకెక్కింది. దానితోపాటు ఫిర్యాదు చేసినవారిలో ఒకనాడు హెర్క్యులేనియంలో కాపురమున్న కుటుంబం కూడా వుంది. 2005లో కోర్టు ప్రభుత్వాన్ని మందలించి గడువు పెట్టింది. ఆ గడువు ఫలితంగా 2008 అక్టోబరులో హద్దు పదోవంతుకు, అంటే 0.15 మైక్రోగ్రాములకు దిగింది. అప్పటి అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్. ఒబామా గద్దెనెక్కింది 2009 జనవరిలో. నేరం జరిగిన నాటికి నిందితుడు ఆ వూళ్ళోనే లేడు!

2010 అక్టోబరులో డో రన్ ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకున్నది. తన గనుల్లోను, కర్మాగారాల్లోను జరిగిన చట్టోల్లంఘనలను సరిదిద్దేందుకు సుమారు 6.5 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టడానికీ, 70 లక్షల డాలర్ల జరిమానా కట్టడానికీ, హెర్క్యులేనియం కొలిమిని 2013 చివరికి ఆర్పివేయడానికీ సమ్మతించింది. కొత్త హద్దుకు లోబడి సీసం తీసే పద్ధతి లేకపోలేదు. దానికయ్యే పెట్టుబడి గిట్టదని కంపెనీ లెక్క వేసుకున్నది. ఈ వివరాన్ని పుకారు చెప్పినవారు మరచారు. కొలిమిని ఆర్పింది నియమమొక్కటే కాదు, నియమం పక్కన నిలబడిన లాభనష్టాల లెక్క కూడా. ఆ లెక్కలో సుమారు 145 మంది పనివాళ్ళ బతుకుతెరువు కూడా కొట్టుకుపోయింది. తూటాల కోసం కన్నీరు కార్చినవారిలో ఈ పనివాళ్ళ మాట ఎత్తినవారు అరుదు.

ఇక అసలు ప్రశ్న. కొలిమి ఆరితే తూటాకు సీసం కరువవుతుందా? సీసం రెండు దారుల్లో వస్తుంది. గని ఖనిజాన్ని కరిగించి తీయడం ఒకటి, వాడి పారేసిన సీసాన్ని తిరిగి కరిగించడం రెండోది. అమెరికాలో కొలిమి మూతబడేనాటికి తయారవుతున్న సీసంలో సుమారు పదింట తొమ్మిది వంతులు రెండోదారిన వచ్చేదే. దానికి మూలం పాత మోటారు బ్యాటరీలు. దేశంలో ఖర్చయ్యే సీసంలో అత్యధికభాగం మళ్ళీ బ్యాటరీలకే పోతుంది. తూటాల వాటా పదోవంతు కూడా వుండదు. తూటాల కంపెనీలు వాడేది ముఖ్యంగా ఈ తిరిగి కరిగించిన సీసాన్నే. మిస్సోరీలోనే వున్న సియెర్రా అనే తూటాల కంపెనీ ఆ రోజుల్లోనే ఈ విషయం ప్రకటించింది. తాము డో రన్ దగ్గర కొనే సీసం హెర్క్యులేనియంది కాదనీ, అదే రాష్ట్రంలో ఆ కంపెనీకి వున్న బ్యాటరీలు కరిగించే కర్మాగారానిదనీ, అది మూతబడడంలేదనీ చెప్పింది. అంటే పుకారు పుట్టిన రాష్ట్రంలోనే దానికి సమాధానం వుంది.

మరి 2013లో అంగళ్ళలో తూటాలు దొరకని మాట నిజమే కదా? నిజమే. అయితే ఆ ఏడాది పొడుగునా హెర్క్యులేనియం కొలిమి మండుతూనే వుంది. కొలిమి ఆరకముందే వచ్చిన కరువుకు కొలిమి ఆరడం కారణమెట్లా అవుతుంది? 2012 డిసెంబరులో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూటౌన్ పట్టణంలో ఒక బడిలో 20 మంది పసిపిల్లలూ ఆరుగురు పెద్దలూ కాల్పులకు బలయ్యారు. దానితో తుపాకులకు చట్టం వస్తుందన్న భయం లేచింది. భయపడినవారు దొరికిన తూటాలన్నీ కొని ఇళ్ళలో పోగేశారు. 2013 ఏప్రిల్‌లో ఆ చట్టం సెనేటులో వీగిపోయింది. అయినా కొనుగోలు ఆగలేదు. తూటాలు దొరకవని భయపడి కొన్నారు, కొన్నందువల్ల దొరకలేదు, దొరకనందువల్ల భయం రెట్టింపయింది. పంట బాగానే పండిన ఏటకూడా ధాన్యం కొట్లలో దాగితే బజారులో కరువు వచ్చినట్లు కనిపించడం మనకు తెలియని విషయం కాదు. 2020లో మహమ్మారి కాలంలో మళ్ళీ ఇదే జరిగింది. లక్షల సంఖ్యలో కొత్తవారు తుపాకులు కొన్నారు, తూటాలు మాయమయ్యాయి. ఆనాడు నిందించడానికి మూతబడుతున్న సీసపు కొలిమి ఏదీ లేదు.

సీసపు నియమం తూటాను ఎన్నడూ తాకనే లేదని నేను అనడంలేదు. తాకిన చోట్లు వున్నాయి. నీటిపక్షుల వేటలో సీసపు గుండ్లను 1991 నుంచి దేశమంతటా నిషేధించారు. మడుగుల అడుగున పడిన గుండ్లను మింగి బాతులు చచ్చిపోతూ వుండడమే దానికి కారణం. వేటగాళ్ళు ఉక్కు గుండ్లకు మారారు, వేట ఆగలేదు. సీసంవల్ల కాండర్ అనే పెద్ద రాబందుల జాతి నశించిపోతున్నదని కాలిఫోర్నియా రాష్ట్రం 2013లో చట్టం చేసి, 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా మాన్పించింది. అక్కడ వేటగాడికి ఖర్చు పెరిగింది. పాతరకం చిన్న తుపాకులకు సీసం లేని తూటా దొరకడం కష్టమయింది. ఈ ఫిర్యాదు న్యాయమైనదే, దీన్ని విచారించవలసిందే. అయితే దేశంలో విషపదార్థాలను అదుపుచేసే ముఖ్యచట్టం 1976లో వచ్చినప్పుడే తూటాలను దాని పరిధినుంచి తప్పించారు. ఆ చట్టం కింద సీసపు తూటాను ఆపమని 2010లో వచ్చిన విన్నపాన్ని ఒబామా ప్రభుత్వ శాఖే తోసిపుచ్చింది. అదే సంవత్సరం అమెరికా సైన్యం రైఫిళ్ళకు సీసంలేని కొత్త తూటాను, రాగి ఉక్కులతో చేసినదాన్ని, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధరంగానికి పంపింది. సీసం లేకపోతే దేశరక్షణ లేదన్న వాదానికి సైన్యమే సెలవిచ్చిందన్నమాట.

అయితే ఈ నియమాలు మార్చినదేమీ లేదా? మార్చాయి, పుకారు చూపించిన చోట కాదు. హెర్క్యులేనియం పిల్లల గాలి శుభ్రపడింది. ఇది చిన్న విషయం కాదు. కాని మిస్సోరీ గనులు ఆగలేదు. అక్కడి ఖనిజాన్ని ఇప్పుడు ఓడలకెక్కించి విదేశాల కొలుములకు పంపుతున్నారు. పాత బ్యాటరీల సంగతీ అంతే. ఉత్తర అమెరికా దేశాలు మూడూ కలిసి పెట్టుకున్న పర్యావరణ సహకార సంఘం 2013లో ఒక నివేదిక ప్రకటించింది. 2004కూ 2011కూ మధ్య అమెరికానుంచి మెక్సికోకు పోయే పాత బ్యాటరీలు అయిదు రెట్లకు మించి పెరిగినట్లు అందులో తేలింది. మెక్సికోలో గాలికి పెట్టిన హద్దు అప్పటికింకా పాత 1.5 మైక్రోగ్రాములే. హద్దు ఎక్కడ వదులుగా వుంటే కొలిమి అక్కడికి నడిచిపోయింది. డో రన్ యజమానులకే పెరూ దేశంలో 1997 నుంచి మరో కొలిమి వుండేది. ఆ లా ఒరోయా పట్టణంలో పరీక్షించిన పిల్లల్లో దాదాపు అందరి నెత్తురులోనూ హద్దుమీరిన సీసం కనిపించింది. అక్కడి ప్రజలకు జరిగిన అన్యాయానికి పెరూ ప్రభుత్వం బాధ్యత వహించాలని అమెరికా ఖండాల మానవహక్కుల న్యాయస్థానం 2024లో తీర్పు వెల్లడించింది.

గుండు ఆగలేదు, పొగ వూరు మారింది. ఈ చరిత్రనుంచి నేను గ్రహించిన సారం ఇదే. ఒక దేశంలో హద్దు బిగించి, పక్కదేశంలో వదులుగా వుంటే చూస్తూ వూరుకోవడం సంస్కరణలో సగం మాత్రమే. ఆ సగాన్ని కూడా వద్దనేవారు తూటాల కరువు కథలు చెబుతారు. మిగిలిన సగం కోసం అడగవలసినవారు, అంటే పొగ కింద బతికే కూలిజనం, ఏ దేశంలోనైనా గట్టిగా వినబడరు.

ఇదంతా పరాయి దేశపు ముచ్చట అని పాఠకులు అనుకోనక్కరలేదు. పాత బ్యాటరీలు కరిగించే కొలుములు మన పట్టణాల శివార్లలోనూ వున్నాయి. వాటికి 2001లో నియమాలు వచ్చాయి, 2022లో మరింత కట్టుదిట్టమైనవి వచ్చాయి. అయినా అనుమతి లేకుండా, ముక్కుకు గుడ్డ కూడా లేని మనుషులచేత బ్యాటరీలు పగలగొట్టించడం ఆగిపోలేదు. రేపు అటువంటి కొలిమి ఏదైనా మూతబడే రోజు వస్తే, ఇక్కడా ఒక కథ పుడుతుంది. పరిశ్రమ పోతుందంటారు, దేశం వెనకబడుతుందంటారు. అప్పుడు మనం ముందుగా ఆ వాడలో పిల్లల నెత్తురు పరీక్షల కాగితాలు తెప్పించుకొని చూడాలి. ఆ తరువాత, ఆ కొలిమి అక్కడినుంచి లేచి ఏ వాడకు పోతున్నదో కనుక్కోవాలి.