ప్లాస్టిక్ రోడ్లు, ప్లాస్టిక్ నూనె – గుడివాడ ప్రాంతం

పారేసిన ప్లాస్టిక్‌ను రోడ్లకూ వాడవచ్చు, ఇంధన నూనెగానూ మార్చవచ్చు. మన దేశంలో ముందు కుదురుకున్నది రోడ్డు పద్ధతి. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల రసాయనశాస్త్ర ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ 2002లో కళాశాల ఆవరణలోనే అలాంటి రోడ్డు వేయించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్లాస్టిక్‌ను నేరుగా తారులో కలపలేదు. సుమారు 170 డిగ్రీల వేడి మీదున్న కంకరపై ప్లాస్టిక్ తురుము చల్లితే అది కరిగి రాయికి పూతలా పట్టేస్తుంది. తారు పోసేది ఆ తర్వాతే. రాయికీ తారుకీ మధ్య నీరు చొరదు కాబట్టి కంకర తొందరగా ఊడిరాదు.

భారత రోడ్ల కాంగ్రెస్ 2013లో దీనికి మార్గదర్శకాలిచ్చింది. తారు బరువులో 6 నుంచి 8 శాతం ప్లాస్టిక్ వాడాలన్నది. 5 లక్షల జనాభా దాటిన నగరాల శివార్ల నుంచి 50 కిలోమీటర్లలోపు వేసే తారు రోడ్లలో దీన్ని వాడాలని 2015 నవంబరులో కేంద్రం ఆదేశించింది. విజయవాడ నుంచి లెక్కేస్తే గుడివాడ ఆ గీతకు లోపలే ఉంది. బందరు, అవనిగడ్డ బయటపడతాయి.

అయితే ఈ కృష్ణా డెల్టాలో రోడ్డుకు అసలు శత్రువు కింద ఉంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పైన ప్లాస్టిక్ పూత ఎంత గట్టిగా పట్టినా కిందినుంచి కుంగే రోడ్డును అది నిలబెట్టలేదు. పునాది బాగుచేయకుండా పై పొర మార్చి మురిసిపోవడం దండగ.

ఇంకో చిక్కు ఫ్లెక్సీలు. ఎన్టీఆర్, అక్కినేని పుట్టిన సీమ ఇది. సినిమాకూ ఎన్నికలకూ ఇక్కడ ఫ్లెక్సీలకు కరువుండదు. కానీ అవి పీవీసీతో చేసినవి. వేడిచేస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిర్లు వస్తాయి. అందుకే పీవీసీనీ ఫ్లెక్సీనీ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదని రోడ్ల కాంగ్రెస్ మార్గదర్శకాలే చెప్పాయి. నూనె తీసే కొలిమికీ అవి పనికిరావు.

నూనె తీయడానికి ప్లాస్టిక్‌ను గాలి చొరని పాత్రలో 400 డిగ్రీలకు అటూఇటూగా కాచాలి. పొడవాటి అణువులు తెగి నూనె, గ్యాస్ వస్తాయి, అడుగున బొగ్గుపొడి మిగులుతుంది. డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ 2019లో గెయిల్ సాయంతో రోజుకు టన్ను ప్లాస్టిక్‌ నుంచి 800 లీటర్ల డీజిల్ తీసే ప్లాంటు ప్రారంభించింది. రీసైక్లింగ్‌కు పనికిరాని ప్లాస్టిక్‌ను రోడ్లకో నూనెకో వాడేలా ప్రోత్సహించాలని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు పురపాలక సంఘాలకు, పంచాయతీలకు చెప్పాయి.

ఈ రెండు పనులకూ శుభ్రమైన, పొడి ప్లాస్టిక్ కావాలి. కాలువల్లో తేలేది బురదతో, గుర్రపుడెక్కతో కలిసి వస్తుంది. కొల్లేటి వైపు చేపల చెరువుల్లో తవుడు, చెక్క నింపి వేలాడదీసే చిల్లుల సంచులు చాలావరకు పాలీప్రొపిలీన్‌వే, నూనె తీయడానికి అనువైనవే. వాటికి అంటుకున్న మేతను కడిగి ఆరబెట్టే ఖర్చు ఎవరు భరించాలన్నదే పేచీ.