లిథియం చికిత్స – సైనిక నేపథ్యం

ఉన్మాదం, కుంగుబాటు ఒకే వ్యక్తిలో మారిమారి కనిపించే స్థితిని జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ 1899లో ఒకే రుగ్మతగా వర్గీకరించాడు. నేడు దానిని బైపోలార్ రుగ్మత అంటున్నారు. ఈ రుగ్మత ఉన్నవారిని అమెరికా సైన్యం కొత్తగా చేర్చుకోదు. అయితే దీని చికిత్సకు ఆధునిక కాలంలో బాట వేసిన ప్రయోగం జరిగింది మాజీ సైనికుల వైద్యశాలలోనే.

ఆస్ట్రేలియా సైనిక వైద్యుడు జాన్ కేడ్ 1942లో సింగపూర్ పతనమైనప్పుడు జపాన్ సేనలకు పట్టుబడి, మూడేళ్లకు పైగా చాంగీలో యుద్ధఖైదీగా ఉన్నాడు. అక్కడి అనుభవం మానసిక రుగ్మతలకు శారీరక కారణాలు ఉంటాయన్న అతని అభిప్రాయాన్ని బలపరచింది. యుద్ధానంతరం మెల్‌బోర్న్ సమీపంలోని బుందూరా వైద్యశాలలో, ఉన్మాద రోగుల మూత్రంలో విషపదార్థం ఉంటుందన్న ఊహతో గినీపందులపై ప్రయోగాలు చేశాడు. యూరిక్ ఆమ్లం సులభంగా కరగడానికి లిథియం లవణాన్ని ఎంచుకున్నాడు. దానిని ఎక్కించిన జంతువులు ఉద్రేకం తగ్గి మందకొడిగా మారాయి. ఊహ నిలవలేదు గాని ఔషధం దొరికింది.

ఐదేళ్లుగా ఉన్మాదంలో ఉన్న 51 ఏళ్ల రోగికి 1948 మార్చిలో లిథియం ఇచ్చారు. అతడు తేరుకొని, జూలైలో ఇల్లు చేరి, పూర్వపు ఉద్యోగంలో ప్రవేశించాడు. మందు మానడంతో వ్యాధి తిరగబెట్టింది. తిరిగి చికిత్స పొందుతూ 1950లో లిథియం విషప్రభావంతో మరణించాడు. 1949లో పదిమంది ఉన్మాద రోగుల ఫలితాలను ప్రకటించిన కేడ్, ఆ మరణం తరువాత ఆ మందు వాడకాన్ని విరమించాడు.

రక్తంలో లిథియం పరిమాణాన్ని కొలిచే పద్ధతి వచ్చాకే చికిత్స సురక్షితమైంది. 1954లో డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ బృందం జరిపిన పరీక్షలు దాని ప్రయోజనాన్ని ధ్రువపరిచాయి. అమెరికా 1970లో అనుమతించింది.

సైనికుని చిక్కు ఇక్కడే ఉంది. శరీరంలో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం ప్రమాదస్థాయికి పెరగవచ్చు. క్రమం తప్పని రక్తపరీక్షలు యుద్ధభూమిలో దుర్లభం. రాత్రి కాపలాల వల్ల కలిగే నిద్రలేమి ఉన్మాదాన్ని రేపగలదు. కాబట్టి సేనల జాగ్రత్త నిరాధారం కాదు. కాని సైనిక జీవితమంతా యుద్ధభూమి కాదు. కార్యాలయాలు, శిక్షణాలయాలు, భాండాగారాలు కూడా సైన్యంలో భాగమే. రోగనిర్ధారణతోనే ఉద్యోగం పోతుందన్న భయం వ్యాధిని దాచేలా చేస్తే, చికిత్స ఆలస్యమై ప్రమాదం పెరుగుతుంది. బుందూరా రోగి కోలుకున్నాడనడానికి అతడు తిరిగి పనిలో చేరడమే ప్రధాన నిదర్శనమైంది. ఆ గీటురాయిని సైనికునికి ఎంతవరకు వర్తింపజేయాలన్నదే ఈ చరిత్ర మిగిల్చిన ప్రశ్న.