సమాధి దక్కనివాళ్ల కథలు

అమెరికా నల్లజాతి రచయితల దెయ్యం కథల్ని భయం కోసమే చదివితే సగమే అందుతాయి. ఆ కథల్లో తిరిగొచ్చేవాళ్లు ఎవరో చూడాలి: తల్లి ఒడిలోంచి లాగి అమ్మేసిన పిల్లలు, గుర్తు కూడా పెట్టకుండా పూడ్చేసిన కుర్రాళ్లు, ఏడవడానికి తనవాళ్లెవరూ మిగలని మనుషులు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పేర్లు దాదాపుగా లేవు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు రాసి ఊరుకున్నారు. అలాంటి కాగితాల్లో ఏ మనవడు తాతను వెతుక్కోగలడు? కాగితం చెప్పనిదాన్ని చెప్పే పని దెయ్యం కథ మీద పడింది.

చార్లెస్ చెస్‌నట్ ఆ పనిని తొలిరోజుల్లోనే ఎత్తుకున్నాడు. ఆయన ‘పో శాండీ’ కథ 1888లో ‘అట్లాంటిక్ మంత్లీ’లో అచ్చయి, తర్వాత 1899 నాటి ‘ది కాంజర్ ఉమన్’ సంపుటిలో చేరింది. శాండీ మంచి పనివాడు కావడంతో యజమాని పిల్లలు వంతులేసుకుని అతణ్ని తిప్పుకుంటారు. ఒకసారి తిరిగొచ్చేసరికి భార్యను అమ్మేసి ఉంటారు. రెండో భార్య టెనీకి మంత్రాలు తెలుసు. ఒక్కచోట పాతుకుపోవాలని శాండీ కోరితే అతణ్ని పైన్ చెట్టుగా మార్చేస్తుంది. ఆమెను పనికి వేరేచోటికి పంపిన రోజుల్లో ఆ చెట్టును కొట్టేస్తారు. ఆ చెక్కలతో కట్టిన వంటగది రాత్రిళ్లు మూలుగుతుంది. ఈ కథను జూలియస్ అనే ముసలాయన ఉత్తరాది నుంచి వచ్చిన తెల్ల దంపతులకు చెబుతాడు. చెప్పడంలో అతని స్వార్థమూ ఉంది, ఆ పాత కట్టడం తన చర్చివాళ్లకు కావాలి. ఈ గడుసుతనాన్ని మెచ్చుకోవాల్సిందే. నాకు మాత్రం కథ ప్రాణమంతా రంపపు మిల్లులో ఆ దుంగ మీద పడి ఏడ్చే టెనీ దగ్గర ఉంది. అక్కడున్నవాళ్లకు కనిపించింది పిచ్చిపట్టిన ఆడమనిషి. భర్త కోసం ఏడుస్తోందని తెలిసింది పాఠకుడికి ఒక్కడికే.

జోరా నీల్ హర్‌స్టన్ 1935లో ‘మ్యూల్స్ అండ్ మెన్’లో ఫ్లోరిడా జానపద కథల్ని, న్యూ ఆర్లియన్స్ మంత్రవిద్యల్ని పోగుచేసింది. ఆ తర్వాత చాలాకాలం పేరుపడ్డ నవలలు వాస్తవికత వైపే మొగ్గాయి. 1976లో అలెక్స్ హేలీ ‘రూట్స్’ వచ్చింది. సహవాసి అనువదించగా ‘ఏడు తరాలు’గా మన ఇళ్లలోకీ చేరింది. పూర్వీకుల కోసం వెతుకులాట ఎంత ఆకలో మనకు తెలిపిన పుస్తకం అదే. మూడేళ్లకే ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’లో మరింత కఠినమైన ప్రశ్న వేసింది. ఆ కాలపు నల్లజాతి యువతి ఒకామె పదేపదే గతంలోకి లాగబడుతుంది. తన వంశం నిలవాలంటే బానిసల యజమాని అయిన తెల్ల పూర్వీకుణ్ని ఆమే కాపాడాలి.

మరో నవలకు మూలం ఒక నిజ సంఘటన. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ గడ్డకట్టిన ఒహాయో నది దాటి, కుటుంబంతో కెంటకీ నుంచి సిన్సినాటికి పారిపోయింది. పట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఇల్లు చుట్టుముట్టగానే, బిడ్డను మళ్లీ బానిసత్వంలోకి పంపలేక రెండేళ్ల కూతుర్ని చంపేసింది. ఆమెపై హత్యానేరం మోపాలని కోరింది బానిసత్వ వ్యతిరేకులే. హత్య అని ఒప్పుకుంటే, చచ్చిపోయింది సొత్తు కాదు, మనిషి అని చట్టం ఒప్పుకున్నట్టే. అధికారులు మాత్రం ఆమెను సొత్తుగానే యజమానికి అప్పగించారు. 1974లో వెలువడ్డ ‘ది బ్లాక్ బుక్’ సంకలనానికి పనిచేస్తూ టోనీ మారిసన్ ఈ వార్త చదివింది. అందులోంచి 1987లో ‘బిలవెడ్’ పుట్టింది. అందులో బిడ్డ సమాధి రాయి మీద ఒక్క మాట చెక్కించడానికి తల్లి సెథ తన ఒంటినే వెలగా ఇస్తుంది. హెన్రీ జేమ్స్ ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ చదివినవాళ్లు దెయ్యం నిజమా, కథ చెప్పే యువతి భ్రమా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ‘బిలవెడ్’లో దెయ్యం ఉందా లేదా అన్న వాదనే లేదు. ఇంటికొచ్చిన ఆ పిల్లకు ఏం సమాధానం చెప్పాలన్నదే సెథ బాధ.

అదే 1987లో రంగస్థలం మీదికొచ్చిన ఆగస్ట్ విల్సన్ ‘ది పియానో లెసన్’లో దెయ్యం యజమాని వంశానిది. నాయిక బెర్నీస్ ముత్తవ్వనూ ఆమె కొడుకునూ ఇచ్చి యజమాని కొన్న పియానో అది. వాళ్ల ముఖాల్ని ముత్తాత దాని మీద చెక్కాడు. బెర్నీస్ ఆ పియానో వాయిస్తూ పెద్దల్ని పేరుపేరునా పిలిస్తేగానీ ఆ దెయ్యం ఇల్లు వదలదు.

ఈ శతాబ్దంలో దెయ్యాలు జైళ్లలోంచి వస్తున్నాయి. జెస్మిన్ వార్డ్ ‘సింగ్, అన్‌బరీడ్, సింగ్’ (2017)లో మిసిసిపీలోని పార్చ్‌మన్ జైలు కుర్రాడు రిచీ, తను ఎలా చచ్చిపోయాడో తెలుసుకోవడానికి దెయ్యమై తిరిగొస్తాడు. తననరివ్ డ్యూ రాసిన ‘ది రిఫర్మేటరీ’ (2023) వెనక ఫ్లోరిడాలోని డోజియర్ బాలనేరస్థుల బడి ఉంది. 2011లో అది మూతపడ్డాక, సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు ఆ ఆవరణలో తవ్వి 55 సమాధులు తేల్చారు. డ్యూకు తాత వరసయ్యే రాబర్ట్ స్టీఫెన్స్ 1937లో పదిహేనేళ్ల వయసులో అక్కడే చనిపోయాడు. నవలలో దెయ్యాల్ని చూడగలిగే పన్నెండేళ్ల పిల్లాడికి ఆమె ఆ పేరే పెట్టింది.