కొండమీది కొలువులు

మా పాచిపెంట కొండలకు ఏ పెద్ద పని వచ్చినా, దానికి ముందుగా ఒక మాట వస్తుంది: "మీ పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతాయి." ఈ మాట విలువ తెలియాలంటే కొంత వెనుకకు పోవాలి.

విశాఖ మన్యాన్ని 1839 చట్టంతో ఆంగ్లేయులు ఏజెన్సీగా వేరుచేశారు. ఏజెంటు అనుమతి లేనిదే కొండవారి భూమి పరులకు చెల్లదని 1917 చట్టం చెప్పింది. 1959 నాటి నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ ఆ కట్టును మరింత బిగించాయి. మనవాళ్ళు 'వన్ ఆఫ్ సెవెంటీ' అనేది దీనినే. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల కౌళ్ళపై 'సమత' సంస్థ వేసిన వ్యాజ్యంలో 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. గిరిజనుల సహకార సంఘాలు గనులు నడుపుకోవచ్చునని కూడా చెప్పింది. అమెరికాలో 1988 చట్టం కింద నడిచే కాసినోలకు ఆ తెగలే యజమానులు. జూదం మంచిదని నేననను. కాని కొలువు అడగడం వేరు, కొట్టు తనదే కావడం వేరు.

2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం అదానీ సంస్థకు నాలుగు చోట్ల, మొత్తం 3,700 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి విద్యుత్ పథకాలను ఆమోదించింది. వాటిలో మా మండలంలోని కర్రివలస, సాలూరు మండలంలోని కురుకూటి ఉన్నాయి. నాలుగు వేల మందికి ఉద్యోగాలని చెప్పారు. పోడు భూములూ, గెడ్డలూ పోతాయని కొండవాసులు ఎదురు తిరిగారు. ఈ పథకంలో రెండు జలాశయాలుంటాయి. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదులుతారు. కట్టేటప్పుడు కూలి పని చాలా ఉంటుంది. కట్టిన తరువాత యంత్రాల దగ్గర కావలసినది కొద్దిమంది నిపుణులే. అరచేతిలో వైకుంఠం చూపేవారు ఈ రెండో మాట చెప్పరు.

ఇక, చేతిలో ఉన్న కొలువుల సంగతి. ఏజెన్సీ బళ్ళలో ఉపాధ్యాయ పదవులు స్థానిక గిరిజనులకేనని 2000 జనవరిలో 3వ నంబరు జీవో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. అప్పటికే చేరినవారిని తొలగించలేదు గాని, ఆ దారి మూసుకుపోయింది. నూటికి నూరు రిజర్వేషను రాజ్యాంగానికి తగదన్న వాదంలో న్యాయం లేకపోలేదు. అయినా నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. భాషాప్రవీణ పట్టాతో తొలిసారి కొండ బడికి వెళ్ళిన నాకు, తెలుగు ఇంట వినని పిల్లవాడికి 'అమ్మ' అన్న పాఠం చెప్పడం చేతకాలేదు. వాడి ఊరి యువకుడొకడు నా పక్కన కూర్చుని, వాడి మాటలో ఒక్కసారి చెప్పాడు. వాడు నవ్వాడు.

ఆ యువకుడికి అప్పుడు జీతం లేదు. రాబోయే ఉద్యోగాలు లెక్కపెట్టేవారు, పోయిన ఆ పంతులు కొలువును కూడా లెక్కలో వేసుకోవాలని నా మనవి.