ఐదు సరిపోయాయి, ఆరోది తప్పింది

కోడు రాసుకుని బతికే మాలాంటివాళ్ళకి 4294967296 బాగా తెలిసిన సంఖ్య. ముప్ఫై రెండు 2లని వరసగా గుణిస్తే వచ్చేది అదే. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం కలిపి అన్నే. దానికి ఒకటి కలిపితే 4294967297. మన లెక్కలో 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఈ పక్కింటి సంఖ్య కథ కంప్యూటర్ల కంటే చాలా పాతది.

పియర్ ద ఫెర్మా వృత్తికి ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో న్యాయాధికారి. లెక్కలు ఆయనకి తీరిక వేళ పని. 3, 5, 17, 257, 65537 అనే వరస చూశాడు. 2 ఘాతం 1, 2, 4, 8, 16 తీసుకుని, ఒక్కోదానికీ 1 కలిపితే వచ్చేవి ఇవి. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరసలో ఎంత దూరం పోయినా అన్నీ ప్రధాన సంఖ్యలే వస్తాయని 1640లో మిత్రులకి ఉత్తరాలు రాశాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదన్నాడు. వరసలో ఆరోది మన 4294967297.

1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ ఒక ఉత్తరం చివర ఈ సంగతి ఆయిలర్‌ని అడిగాడు. ఆయిలర్‌కి అప్పుడు 22 ఏళ్ళు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. 1732లో జవాబు చెప్పాడు: 4294967297 = 641 × 6700417. కాగితం మీద గుణించి చూడండి, పది నిమిషాల పని.

641 ఎలా దొరికింది? ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే శేషం 1 రావాలి. ఆయిలర్ తర్వాత ఈ సూత్రాన్ని వివరించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అంటే ఐదో ప్రయత్నానికే దొరికిపోతుంది. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే ఉంది. ఈ సూత్రం పుట్టేది ఫెర్మా సొంత సిద్ధాంతం నుంచే. దాన్ని కూడా ఆయన 1640లోనే ఉత్తరంలో రాశాడు. తాళంచెవి ఆయన జేబులోనే ఉందన్నమాట!

ఐదు టెస్టులు పాసయ్యాయి కాబట్టి ప్రోగ్రాం సరైనదే అనుకోవడం మా ఆఫీసుల్లో రోజూ చూసేదే. ఫెర్మా అంతటివాడికీ ఆ ఆశ తప్పలేదు. కాకపోతే నిరూపణ లేదన్న మాట దాచలేదు. అందుకే తర్వాతివాళ్ళు ఎక్కడ వెతకాలో వాళ్ళకి తెలిసింది.

ఆరోది నుంచి ముప్ఫై మూడోదాకా ఈ వరసలో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదని ఇప్పుడు తేలింది. ఐదోదైన 65537 మాత్రం ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో ఎక్కువగా వాడే సంఖ్య. ఊళ్ళో అమ్మానాన్నలకి ఇక్కడినుంచి డబ్బు పంపేటప్పుడు, ఆ లావాదేవీకి కాపలా కాసేవాటిలో అదీ ఒకటి కావచ్చు.