జట్టు విడిచిన గొంతులు

నిండు చూలాలు దమయంతి వేషం కట్టి రంగం మీదికి వచ్చింది. ఆట మధ్యలో నొప్పులు మొదలయ్యాయి. దమయంతి కథలో ఏడుపులకు కొదవా? ఆ మూలుగులు కూడా నటనే అనుకున్నారు జనం. తెర దించారు. బిడ్డ పుట్టిందని తెలిశాక చూసేవాళ్ళు సంతోషం పట్టలేక రంగం మీద డబ్బులు కురిపించారట. 1907 ప్రాంతంలో సురభి నాటకాల వాళ్ళ మధ్య జరిగిందని చెప్పుకునే కథ ఇది. తల్లి వెంకూబాయి, తండ్రి కృష్ణాజీరావు. ఆ బిడ్డే సురభి కమలాబాయి, తెలుగులో తొలి టాకీ నాయిక.

నాటకాల వాళ్ళు చెప్పే కథల్లో ఉప్పూకారం కాస్త ఎక్కువే ఉంటుంది, తీసేయాల్సినంత తీసేద్దాం. రంగం మీదే పుట్టిన పిల్ల ఆ జట్టును విడిచి ఎట్లా వెళ్ళగలిగింది, వెళ్తూ ఏం తీసుకుపోయింది అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దాని వెంట పడితే దారి దూరమేమీ పోలేదు. మా గాండ్లపెంట నుంచి గాలివీడు, రాయచోటి దాటి చక్రాయపేట వైపు మళ్ళితే సురభి అనే పల్లె వస్తుంది. నాటక సమాజానికి ఆ పేరు ఈ ఊరిదే.

1885లో ఈ ఊళ్ళో ఒక పెళ్ళి. వనారస వాళ్ళు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి తోలుబొమ్మలు ఆడించుకుని బతుకుతున్న కుటుంబం. ఎప్పుడూ బొమ్మలేనా, మనుషులే వేషం కట్టి ఆడండి అన్నారట ఊరి పెద్దలు. వనారస గోవిందరావు తన వాళ్ళతో కీచకవధ ఆడాడు. బొమ్మల కోసం గొంతులో దాచుకున్న పద్యాలు, పాటలు, మాటలు అన్నీ ఉన్నాయి. ఎత్తాల్సింది బొమ్మకు బదులు తమ చేతులు, అంతే. అప్పటిదాకా తెర వెనక ఉన్న పాటగాళ్ళు తెర ముందుకు వచ్చారు. నా లెక్కలో సురభి చరిత్ర మొత్తంలో అతి పెద్ద ఘట్టం ఇదే. మాయాబజారులో లడ్డూలు ఎగరడం, తీగల మీద దేవతలు దిగడం దాని తర్వాతి మాట.

గోవిందరావుకు ముగ్గురు కొడుకులు, పది మంది కూతుళ్ళు అంటారు. కొడుకులూ కూతుళ్ళూ అల్లుళ్ళూ తలా ఒక సమాజం పెట్టుకుని ఊళ్ళు పట్టుకుపోయారు. వంట ఒక చోట, పడక ఒక చోట, బడి రంగం మీదే. నడక వచ్చిన పిల్లకు లవుడి వేషమో కుశుడి వేషమో సిద్ధంగా ఉండేది. ఆడవాళ్ళ వేషాలు మగవాళ్ళే వేసే రోజుల్లో ఇక్కడ ఆడవాళ్ళు ఆడారు, కృష్ణుడి వేషమూ కట్టారు. అన్ని వేషాలూ అందరికీ వచ్చి ఉండాలన్నది ఇంటి పద్ధతి. ఒకరికి జలుబు చేస్తే మరొకరు ఆ పద్యం అందుకోవాలి. ఇట్లాంటి ఇంట్లో గొంతు ఒకరిది అని చెప్పడానికి వీల్లేదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిందంటే దాని వెనక కూడా ఈ గోవిందరావు చొరవే.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను. ఈ కథలో ధర్మవరానికి ఉన్న వాటా మనవాళ్ళే మరచిపోయారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో వకీలు, సరస వినోదినీ సభ పెట్టి తన నాటకాలు తనే ఆడించినవాడు, ఆంధ్ర నాటక పితామహుడని బిరుదున్నవాడు. బళ్ళారి రాఘవకు మేనమామ. పద్యాల మధ్య పాటలు పెట్టి ఆడించాడు. విషాద సారంగధర రాసి, నాటకం ఏడుపుతో ముగియకూడదన్న పాత నియమాన్ని పక్కన పెట్టాడు. 1912లో పోయాడు. ఆయన రాసిన నాటకాల్లో ప్రహ్లాద ఒకటి. కదిరి నరసింహస్వామి గుడిలో స్వామి పక్కనే చేతులు జోడించి నిలబడే ప్రహ్లాదుడిని చూస్తూ పెరిగిన సీమ ఇది, ఆ కథ ఇక్కడి వాడికి కొత్తగా చెప్పాలా?

1931లో హెచ్.ఎం. రెడ్డి తెలుగులో మాట్లాడే సినిమా తీయాలనుకున్నప్పుడు పాడగలిగి, మాట్లాడగలిగి, కెమెరా ముందు బెదరనివాళ్ళు కావాల్సి వచ్చింది. అట్లాంటి వాళ్ళు విడివిడిగా దొరకరు, జట్టుగా దొరుకుతారు. సురభి వాళ్ళను బొంబాయికి పిలిపించాడు. అట్లా తీసిన భక్త ప్రహ్లాదకు ఆధారం ధర్మవరం వారి నాటకమేనని సినిమా చరిత్రకారులు చెబుతారు. పాటలు చందాల కేశవదాసువి. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి కమలాబాయి. మొద్దబ్బాయి వేషంలో ఒక కుర్రాడున్నాడు, తర్వాత మనం ఎల్.వి. ప్రసాద్ అని తలెత్తి చూసిన మనిషి. 1931 సెప్టెంబరులో విడుదలైందని చాలా ఏళ్ళు రాసుకున్నాం. 1932 ఫిబ్రవరి 6 అని రెంటాల జయదేవ పాత పత్రికలు తిరగేసి తేల్చారు.

ఆ షూటింగును ఊహించుకోవడం నాకు ఇష్టం. ప్లేబ్యాక్ లేదు. నటిస్తూనే పాడాలి, పాడుతుండగానే రికార్డవాలి. రంగస్థలం మీద ఆఖరి వరసకు వినపడేట్టు గొంతెత్తడం అలవాటైన మనిషి అడుగు దూరంలో ఉన్న మైకుకు పాడాలి. వన్స్‌మోర్ అనేవాడు లేడు. పద్యం చివర రాగం తీసి, చప్పట్ల కోసం ఆగితే ఫిల్మ్ దండగ. జట్టు మొత్తం అక్కడే ఉన్నా, మైకు ముందు కమలాబాయి ఒక్కతే. ఆమె ఒంటరి ప్రయాణం అధికారికంగా ఎప్పుడు మొదలైందని అడిగితే ఆ చిన్న మైకు ముందేనంటాను.

తర్వాత ఆమె వెనక్కి తిరిగి డేరాల్లోకి రాలేదు. 1932లోనే సాగర్ మూవీటోన్ వాళ్ళ పాదుకా పట్టాభిషేకం, శకుంతల. రెండూ సర్వోత్తమ బదామి తీసినవి. బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లోనూ వేసింది. 1951లో పాతాళభైరవి చూసినవాళ్ళకు తోటరాముడి తల్లిగా గుర్తుంటుంది. తొలి నాయిక, తల్లి వేషానికి వచ్చేసరికి రెండు దశాబ్దాలు. ఎక్కడికి పోయినా పేరు ముందు సురభి మాత్రం పోలేదు. 1950లు, 60ల సినిమాల్లో కనిపించే సురభి బాలసరస్వతిదీ అదే దారి. వెళ్ళినవాళ్ళు ఆ పేరు పట్టుకునే వెళ్ళారు, ఉన్నవాళ్ళూ ఆ పేరుతోనే ఆడారు, తగాదా రాలేదు.

ఇందులో గొప్పేముంది అనిపిస్తే అమెరికా వైపు చూడండి. సోల్ సంగీతం పెరిగిందే నల్లజాతి గాయకుల జట్లలో. 1953లో క్లైడ్ మెక్‌ఫాటర్ గొంతు చుట్టూ కట్టిన జట్టు ది డ్రిఫ్టర్స్. సైన్యం నుంచి పిలుపు వచ్చాక ఆయన జట్టుకు దూరమయ్యాడు, పేరులో తన వాటాను మేనేజరు జార్జ్ ట్రెడ్‌వెల్‌కు అమ్మేశాడు. 1958లో ట్రెడ్‌వెల్ జట్టులో ఉన్న అందరినీ తీసేసి, క్రౌన్స్ అనే ఇంకో జట్టును తెచ్చి, నేటి నుంచి మీరే డ్రిఫ్టర్స్ అన్నాడు. అట్లా వచ్చినవాళ్ళలో ఒకడు బెన్ ఇ. కింగ్. కూలి గిట్టక 1960లో బయటపడ్డాడు, మరుసటి ఏడాది స్టాండ్ బై మీ పాడి జట్టు కంటే పెద్దవాడయ్యాడు. పేరు మేనేజరు దగ్గరే ఉండిపోయింది. ఇంకో జట్టు టెంప్టేషన్స్ 1968లో డేవిడ్ రఫిన్‌ను తీసేస్తే, ఆయన పిలవకపోయినా వాళ్ళ కచేరీలకు వచ్చి, వేదికెక్కి, తన చోట చేరిన డెనిస్ ఎడ్వర్డ్స్ దగ్గర మైకు లాక్కుని పాడేవాడు. నవ్వొచ్చే సంగతే. కానీ పాపం, ఆ మైకు తప్ప ఆయనకు వేరే ఇల్లు లేదు.

మన దగ్గర జట్లను పాడుచేసినవాడు వేరే. నాటకాల కాంట్రాక్టరు. పేరున్న గాయకుడిని ఒక ఊరి నుంచి, హార్మోనిస్టును ఇంకో ఊరి నుంచి పిలిపించి ఒక్క రాత్రికి ఆట కట్టించేవాడు. ఒకే నాటకానికి ముగ్గురు కృష్ణులు, ఇద్దరు సత్యభామలు. రాయబారం సీనుకు ఒక కృష్ణుడు, తర్వాతి సీనుకు మరొకడు. రిహార్సలు లేదు, ఒకరి గొంతు మీద ఒకరు ఎక్కడమే పని. ఈలపాట రఘురామయ్య, పీసపాటి, షణ్ముఖి లాంటి గొప్ప గొంతులు ఆ రోజుల్లో వెలిగాయి, కాదనను. ఒక్క పద్యం కోసం జనం బండ్లు కట్టుకుని వచ్చారు. అయినా ఆ పద్యం అయ్యేదాకా పక్కన బొమ్మలాగా నిలబడిన ధర్మరాజును ఎవరు చూశారు? నాటకం పోయి పద్యాల పోటీ మిగిలింది. దాన్ని ఎదుగుదల అని నేను అనలేను.

ప్లేబ్యాక్ వచ్చాక కథ వేగంగా నడిచింది. 1944లో తహసీల్దార్ సినిమాకు ఎం.ఎస్. రామారావు వెనక నుంచి పాడారు. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయ్యాక పాడే నటుల అవసరం తగ్గిపోయింది. సురభి సమాజాలు ఒక్కొక్కటే మూతపడి, గుప్పెడు మిగిలి, చాలా కుటుంబాలు హైదరాబాదు లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో స్థిరపడ్డాయి. 2013లో ఫ్రాన్సులోని మెట్జ్ నగరం దాకా వెళ్ళి ఆడి వచ్చారు. ఆ ఏడాదే సురభి బాబ్జీగా తెలిసిన రేకందార్ నాగేశ్వరరావుకు పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయారు.

ఇక తెర వెనకే ఉండిపోయినవాళ్ళ సంగతి. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మేకతోలు మీద రంగులు వేసే ఆ చేతి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, దీపపు తొడుగులుగా అమ్ముడుపోయే దారి కూడా దొరికింది. బొమ్మను తెర నుంచి విడదీసి గోడకు తగిలించుకోవచ్చు, గొంతును అట్లా తగిలించుకోలేం. సీతకూ ద్రౌపదికీ మాటలు చెప్పి, తెల్లవార్లూ పాడిన ఆడవాళ్ళు ప్రతి జట్టులో ఉన్నారు. సురభి ఆడవాళ్ళకు వెండితెర దాకా దారి దొరికింది. వీళ్ళలో చాలామంది పేర్లు అవార్డు పత్రాల మీదికి కూడా రాలేదు. చేతికి ఇచ్చిన మర్యాద గొంతుకు ఇవ్వకపోవడం అన్యాయమే, దీన్ని మెత్తగా చెప్పే మాట నాకు దొరకలేదు.

గాండ్లపెంట, కదిరి, ధర్మవరం పల్లెల్లో బొమ్మలాట పాడిన పెద్దవాళ్ళు, డేరా నాటకాలు చూసినవాళ్ళు ఎవరింట్లోనైనా ఉంటే, ఈ నెలలోనే ఫోను తీసి పాడించండి, చెప్పించండి. రికార్డు చేసినదాని కింద పాడినవాళ్ళ పేరు, ఊరు, వాళ్ళు ఏ పాత్రకు గొంతిచ్చారో తప్పకుండా రాసి పెట్టండి.