పన్నెండు మెట్ల కిన్నెర: వాద్యం చేసిన చేతికి పేరేది?

2022లో దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చాక కిన్నెర అనే మాట అందరికీ తెలిసింది. అంతకుముందు ఏడాది ‘భీమ్లా నాయక్’ సినిమా పాటకు ఆయన గొంతుతో, కిన్నెరతో మొదలు పలికించారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన ఈ డక్కలి కళాకారుడి ఫొటో అన్ని పత్రికల్లోనూ పడింది. కానీ ఆ ఫొటోలో ఆయన భుజం మీదున్న వాద్యాన్ని ఎలా చేస్తారు, ఎవరు చేస్తారు అన్న ప్రశ్న మాత్రం పెద్దగా ఎవరూ వేయలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ఎవరి వాద్యం

డక్కలి వాళ్లు మాదిగల ఆశ్రిత కులం. చిందు, బైండ్ల, మాస్టి, నులక చందయ్యల లాగే వీళ్లూ మాదిగ వాడలనే ఆధారం చేసుకుని బతికారు. ఆది జాంబవుడి నుంచి మాదిగల పుట్టుకను చెప్పే జాంబ పురాణాన్ని పటం విప్పి, కిన్నెర మీటుతూ కథగా చెప్పడం వాళ్ల వృత్తి. వరంగల్‌తో సహా తెలంగాణ జిల్లాల్లో ఈ కథ చెప్పించుకోవడం మాదిగ వాడలకు తరతరాల ఆనవాయితీ. ఊరు తమను అంటరానివాళ్లంటే, కాదు, సృష్టికి మొదటివాళ్లం మేమేనని చెప్పే చరిత్ర అది. పుస్తకం దొరకని చోట దాన్ని మోసినవి పటమూ కిన్నెరానే.

ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. మాదిగల గొప్పతనాన్ని పాడిన డక్కలి వాళ్లను మాదిగ వాడ కూడా దూరంగానే ఉంచింది. కథ వాడ బయటే, బస వాడ బయటే. అంటరానితనం కింది మెట్టు దాకా ఎలా దిగుతుందో చూడాలంటే డక్కలి బతుకును మించిన పాఠం లేదు. రాజ్యాంగపు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ‘డక్కల్, డొక్కల్వార్’ అన్న పేరు ఉంది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన తెలంగాణ ఎస్సీ వర్గీకరణ చట్టం అత్యంత వెనుకబడిన 15 కులాలను మొదటి గ్రూపులో పెట్టి 1 శాతం కేటాయించింది. డక్కలి ఆ గ్రూపులోనే ఉంది.

ఎలా చేస్తారు

కిన్నెరకు కావాల్సిన సామాను బజారులో దొరికేది కాదు. చేనూ చెలకా, అడవీ ఇవ్వాలి.

మొదటిది దండి. ముదిరిన వెదురు బొంగు తీసుకుంటారు. లేత వెదురులో పిండి పదార్థం ఎక్కువ కాబట్టి పురుగు పడుతుంది, ఎండితే వంకర పోతుంది. దండి వంగితే తీగ మెట్లను తప్పుగా తాకుతుంది, శ్రుతి నిలవదు. అందుకే ముదురు బొంగును నీడన ఆరబెట్టాకే పని మొదలు.

రెండోది బుర్రలు. దండి కింద సాధారణంగా మూడు సొరకాయ బుర్రలు కడతారు. కాయ తీగ మీదే పూర్తిగా ముదిరి, బెరడు గట్టిపడాలి. తర్వాత ఎండబెట్టి, బెజ్జం పెట్టి, లోపలి గుజ్జూ గింజలూ తీస్తారు. తీగ సొంతంగా చేసే చప్పుడు చాలా చిన్నది. దాని అదురు దండి గుండా బుర్రలోకి దిగి, లోపలి గాలిని కదిలిస్తేనే పది మందికి వినబడుతుంది. బుర్ర పెద్దదైతే మంద్రం, చిన్నదైతే పదును. అంటే వాద్యం గొంతు ఎలా ఉండాలో కాయను ఏరుకునేటప్పుడే తేలిపోతుంది.

మూడోది మెట్లు. వెనకట అలుగు పొలుసులతో, పక్షి ఎముకలతో చేసేవాళ్లు. గట్టిగా, నున్నగా ఉండి తీగ రాపిడికి అరగకపోవడం వాటి గుణం. అలుగు ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. కాబట్టి ఈనాడు కిన్నెర చేసేవాళ్లు కర్ర ముక్కో లోహపు ముక్కో వాడాల్సిందే.

మెట్లను దండికి అతికించేది తేనె మైనం. మేకు లేదు, జిగురు లేదు. మైనాన్ని వెచ్చచేసి, మెట్టును నిలబెట్టి, తీగ మీటి చూసి, చెవికి ఒప్పేదాకా అటూ ఇటూ జరుపుతారు. చల్లారితే మెట్టు నిలుస్తుంది. మైనం కరిగేది 62 డిగ్రీల పైన. కానీ 40 దాటే మన ఎండాకాలంలో అది ముందే మెత్తబడి మెట్టు కదులుతుంది. అందుకే కిన్నెర వాయించేవాడికి దాన్ని సరిచేసే పని కూడా వచ్చి తీరాలి. ఇక్కడ వాయించే విద్యనూ చేసే విద్యనూ విడదీయలేం.

చివరిది తీగ. ఒకప్పుడు జంతువుల నరాలు, వెంట్రుకలు పేనేవాళ్లు. ఇప్పుడు ఉక్కు తీగ. ఆపైన అద్దాలు, పూసలు, నెమలి ఈకలు చేసేవాళ్ల ఇష్టం.

పన్నెండు అంటే ఏమిటి

విద్యార్థులు కొందరు పన్నెండు మెట్ల కిన్నెరను పన్నెండు తీగల గిటార్‌తో పోల్చుతుంటారు. రెండిటికీ అంకె ఒకటే గానీ లెక్క వేరు. పన్నెండు తీగల గిటార్‌లో తీగలు ఆరు జతలుగా ఉంటాయి. నాలుగు జతల్లో ఒక తీగ రెండోదానికంటే ఒక స్థాయి పైన పలుకుతుంది, మిగతా రెండు జతలు ఒకే శ్రుతిలో ఉంటాయి. నిండు ధ్వని రావడానికి కారణం అదే. కిన్నెరలో పన్నెండు అనేది మెట్ల సంఖ్య, తీగలు కొద్దే. గిటార్ మెట్లు లెక్క ప్రకారం కోసి బిగించినవి, పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగంలో పడుతుంది. కిన్నెర మెట్లు చెవిని బట్టి నిలిపినవి. పాడేవాడి గొంతుకు తగ్గట్టు జరిపే వీలు మైనంలో ఉంది.

సభల్లో వాయించేవాళ్లకు పనికొచ్చే తేడా ఇంకొకటి ఉంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉక్కు తీగ అదురును అయస్కాంతం, దాని చుట్టూ ఉన్న రాగి తీగ చుట్ట కలిసి కరెంటుగా మారుస్తాయి. నరం తీగతో అది పనిచేయదు. కిన్నెరకైతే బుర్రకు దగ్గరగా మైకు పెట్టొచ్చు, లేదా అదురును నేరుగా అందుకునే చిన్న బిళ్లను అతికించొచ్చు. ఏ తీగ ఉన్నా ఫరవాలేదు, వాద్యానికి కొత్తగా బెజ్జం పెట్టాల్సిన పనీ లేదు. డప్పుల మధ్య కిన్నెర వినబడకుండా పోవడానికి కళాకారుణ్ని తప్పుపట్టే ముందు నిర్వాహకులు ఈ ఏర్పాటు చేయాలి.

శాస్త్రంలో ఉంది, శాస్త్రిలో లేదు

13వ శతాబ్దిలో శార్‌ఙ్గదేవుడు రాసిన ‘సంగీత రత్నాకరం’ కిన్నరీ వీణను వర్ణించింది. గద్ద ఎముకల మెట్లు, వాటిని నిలిపే మైనం అందులో ఉన్నాయి. మెట్లున్న ఈ వాద్యాన్ని సంప్రదాయం మతంగుడి పేరుతో ముడిపెడుతుంది. మన ఉమ్మడి వరంగల్ పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు. కిన్నెర పేరే ఇంటిపేరైన శివభక్తుడు ఆయన.

ఇప్పుడు సరస్వతీ వీణను చూడండి. దానికి 24 మెట్లు. ఇత్తడితోనో కంచుతోనో చేసిన ఆ మెట్లను నిలబెట్టేది కూడా మైనమే. బిగించే సూత్రం ఒకటే, అదురు మోసే సూత్రం ఒకటే. ఒకటి పూజ గదికి చేరింది, రెండోదాన్ని అడుక్కునేవాళ్ల సామాను అన్నారు. తేడా చెక్కలో లేదు, శ్రుతిలో లేదు. పట్టుకున్న చేతి కులంలో ఉంది. బొబ్బిలి వీణకూ తంజావూరు వీణకూ భౌగోళిక గుర్తింపు దక్కింది, మంచిదే. అదే కొలతతో కిన్నెరను ఎందుకు కొలవరన్నదే మన ప్రశ్న.

అవార్డు తర్వాత

పద్మశ్రీ ఒక మనిషికి వస్తుంది. 2024లో చిందు యక్షగానానికి జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్య, బుర్ర వీణకు నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప ఆ గౌరవం పొందారు. గర్వించాల్సిందే. అయితే అదే ఏడాది మొగిలయ్య దినకూలీ పని చేస్తున్న దృశ్యాలు వార్తల్లోకి వచ్చాయి. ‘బలగం’ సినిమాతో పేరొచ్చిన దుగ్గొండి మండలం పస్తం మొగిలయ్య 2024 డిసెంబరు 19న జబ్బుతో చనిపోయారు. ఈ ఇద్దరు మొగిలయ్యలు వేరు, వాళ్ల కులాలూ కళలూ వేరు. అయినా మీడియా రెండు పేర్లనూ కలిపేసింది. పేరు గుర్తుపెట్టుకోనివాళ్లు విద్యను గుర్తుపెట్టుకుంటారా?

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చెప్పులు కుట్టేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు. వాద్యాలు చేసేవాళ్లకు విడిగా చోటు లేదు. కిన్నెర చేసే డక్కలి మనిషి ఆ పథకం లెక్కలో చేతివృత్తివాడు కాడు. గిటార్‌ను చేత్తో చేసేవాడు నిపుణుడు, కిన్నెరను చేత్తో చేసేవాడు యాచకుడు!

ఏం అడగాలి

వాద్యాల తయారీని పీఎం విశ్వకర్మ వృత్తుల జాబితాలో చేర్చాలి. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. అక్కడ కిన్నెర తయారీని డక్కలి పెద్దలే గురువులుగా, జీతం తీసుకుని నేర్పే కోర్సు పెట్టాలి. సంచార కుటుంబాలకు కుల ధ్రువపత్రం అందకపోతే వర్గీకరణలో వచ్చిన 1 శాతం కాగితం మీదే మిగులుతుంది. కాబట్టి అధికారులే గుడిసెల దగ్గరికి వెళ్లి పత్రాలు ఇవ్వాలి.

పరిశోధక విద్యార్థులకు ఒక మాట. పాటను రికార్డు చేసుకుని వచ్చేయకండి. బుర్ర ఎక్కడిది, మైనం ఎవరిచ్చారు, మెట్టు ఎలా నిలిపారు, ఒక కిన్నెరకు ఎన్ని రోజులు పట్టింది అని అడగండి. చేసినవాళ్ల పేరును, వాళ్ల అనుమతితో, పాట పక్కనే రాయండి. వాళ్ల పనికి కూలీ కట్టించండి. వాడ కూడా తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: మన పుట్టుక కథ చెప్పినవాణ్ని ఇంకా బయటే నిలబెడదామా?